హైబ్రిడ్ రాకెట్ ఇంజన్లు, వాటి పరీక్షలు, అంతరిక్ష పర్యాటకం వదిలే మసి: తరచుగా అడిగే ప్రశ్నలు

2021 జులై 11న శిరీష బండ్ల అంతరిక్ష పర్యాటక సంస్థ వర్జిన్ గెలాక్టిక్ వారి ‘యూనిటీ’ అనే రాకెట్ విమానంలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన ఇంజనీరు ఆమె. ఆ రోజు ఆమె పేరు తెలుగు ఇళ్లలో మారుమోగింది. కానీ ఆమెను అంత పైకి తీసుకెళ్లిన ఇంజన్ ఎలాంటిది, దాన్ని ఎలా పరీక్షిస్తారు, అది ఆకాశంలో ఏం వదిలి వస్తుంది అన్న విషయాలు పెద్దగా చర్చకు రాలేదు. ఈ పేజీ వాటి కోసమే.

హైబ్రిడ్ రాకెట్ ఇంజన్ అంటే ఏమిటి?

ఏ రాకెట్‌కైనా రెండు కావాలి: మండే ఇంధనం, దాన్ని మండించడానికి ఆక్సిజన్ ఇచ్చే ఆక్సిడైజర్. దీపావళి తారాజువ్వలోనూ, పీఎస్ఎల్‌వీ మొదటి దశలోనూ ఈ రెండూ ఒకే ముద్దగా కలిసి ఉంటాయి. అది ఘన ఇంధన రాకెట్. ద్రవ ఇంధన రాకెట్‌లో రెండూ వేర్వేరు ట్యాంకుల్లో ద్రవాలుగా ఉంటాయి. హైబ్రిడ్‌లో ఒకటి ఘనం, ఒకటి ద్రవం. సాధారణంగా ఇంధనం ఘనరూపంలో, ఆక్సిడైజర్ ద్రవరూపంలో ఉంటుంది.

యూనిటీలో ఇంధనం హెచ్‌టీపీబీ అనే సింథటిక్ రబ్బరు, ఆక్సిడైజర్ నైట్రస్ ఆక్సైడ్. ఆపరేషన్ థియేటర్లలో మత్తుకు వాడే వాయువే ఈ నైట్రస్. రబ్బరును లావుపాటి గొట్టం ఆకారంలో పోతపోస్తారు. దీన్ని గ్రెయిన్ అంటారు, మధ్యలో ఉన్న రంధ్రాన్ని పోర్ట్ అంటారు. పైనుంచి ఇంజెక్టర్ ద్వారా నైట్రస్ పోర్ట్‌లోకి చిమ్ముతుంది, ఇగ్నైటర్ వెలిగిస్తుంది, రబ్బరు లోపలి గోడ మండుతూ అరుగుతూ పోతుంది. వేడి వాయువులు నాజిల్ అనే వెనక మూతి గుండా బయటకు తన్నుకొస్తాయి.

ఇది కొత్త టెక్నాలజీయా?

కాదు. 1933 ఆగస్టులో సోవియట్ యూనియన్‌లో ఎగిరిన గిర్డ్-09 రాకెట్‌లో జెల్లీలా చిక్కబరిచిన గ్యాసోలిన్, ద్రవ ఆక్సిజన్ వాడారు. హైబ్రిడ్ తరహా రాకెట్ ఎగరడం అదే మొదలు.

పర్యాటకుల్ని తీసుకెళ్లడానికి దీన్నే ఎందుకు ఎంచుకున్నారు?

ముఖ్య కారణం, మధ్యలో ఆపగలగడం. ఘన ఇంధన మోటార్‌ను ఒకసారి వెలిగించాక ఆపే దారి దాదాపు లేదు. హైబ్రిడ్‌లో పైలట్ వాల్వ్ మూసేస్తే నైట్రస్ ఆగిపోతుంది, మంట ఆరిపోతుంది. పైగా రబ్బరు గ్రెయిన్ ఒంటరిగా ఉన్నప్పుడు పేలదు, పగుళ్లు వచ్చినా ఘన మోటార్‌లో అంత ప్రమాదం ఉండదు. ద్రవ ఇంజన్లతో పోలిస్తే పైపులూ పంపులూ తక్కువ. నైట్రస్ తన ఆవిరి ఒత్తిడితో తానే బయటకు వస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి దాదాపు 50 రెట్లు, కాబట్టి చాలా డిజైన్లలో పంపే అక్కర్లేదు.

2004లో బర్ట్ రుటాన్ రూపొందించిన స్పేస్‌షిప్‌వన్ ఇలాంటి మోటార్‌తోనే మూడుసార్లు 100 కిలోమీటర్లు దాటింది. జూన్ 21న మొదటిసారి, తర్వాత సెప్టెంబరు 29న, అక్టోబరు 4న. చివరి రెండింటితో కోటి డాలర్ల అన్సారీ ఎక్స్ ప్రైజ్ గెలుచుకుంది. ఆ విజయమే వర్జిన్ గెలాక్టిక్‌ను హైబ్రిడ్ దారి పట్టించింది. అప్పట్లో ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. పొగ లెక్క మాత్రం ఆ రోజుల్లో ఎవరి బల్ల మీదా లేదు.

ఇంజన్‌ను నేల మీద ఎలా పరీక్షిస్తారు?

మెట్లు మెట్లుగా. ముందు ఖాళీ ట్యాంకులు, పైపులు ఎంత ఒత్తిడి తట్టుకుంటాయో నీటితో నింపి చూస్తారు. ఆ తర్వాత కోల్డ్ ఫ్లో: మంట లేకుండా కేవలం ఆక్సిడైజర్‌ను ఇంజెక్టర్ గుండా వదిలి, సెకనుకు ఎంత పోతోందో, ఎలా చిమ్ముతోందో కొలుస్తారు. చివరగా హాట్ ఫైర్. మోటార్‌ను టెస్ట్ స్టాండ్‌కు అడ్డంగా బిగించి వెలిగిస్తారు. ముందువైపున్న, బలాన్ని కొలిచే లోడ్ సెల్ ఎంత తోపు (థ్రస్ట్) వస్తోందో చెబుతుంది, లోపలి ఒత్తిడిని సెన్సర్లు నమోదు చేస్తాయి. మనుషులు దూరంగా కాంక్రీటు గోడల వెనక కెమెరాల ద్వారా చూస్తుంటారు.

మంట ఆరి, మోటార్ చల్లారాక జరిగే పని నాకు అన్నిటికంటే ఆసక్తికరం. గ్రెయిన్‌ను బయటకు తీసి తూకం వేస్తారు, అడ్డంగా కోస్తారు. పరీక్షకు ముందు నున్నగా గుండ్రంగా ఉన్న పోర్ట్ ఇప్పుడు వెడల్పై ఉంటుంది. ఇంజెక్టర్ దగ్గర ఒకలా, నాజిల్ దగ్గర ఒకలా అరిగి ఉంటుంది. ఒక్కోచోట గాడి పడి, ఆ గాడి లోతుగా పోయి మోటార్ కవచం దాకా వెళ్లబోయిందేమో కూడా అక్కడే తెలుస్తుంది. గోడకు నల్లటి పొర అంటుకుని ఉంటుంది, వేలితో రాస్తే చేతికి వస్తుంది. ఈ పేజీ సగం ఆ నలుపు గురించే.

రబ్బరు ఎంత వేగంగా అరుగుతుందన్నది హైబ్రిడ్ ఇంజనీర్లకు పెద్ద తలనొప్పి. హెచ్‌టీపీబీ సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు, తరచూ అంతకంటే తక్కువే అరుగుతుంది. అంత నెమ్మదైతే తోపు చాలదు. అందుకే గ్రెయిన్ పొడవు పెంచడం, పోర్ట్‌ల సంఖ్య పెంచడం లాంటి కసరత్తులు చేస్తారు. పోర్ట్ వెడల్పవుతున్నకొద్దీ ఇంధనం, ఆక్సిడైజర్ల పాళ్లు కూడా మారిపోతుంటాయి. మంట లయ తప్పి మోటార్ దడదడలాడితే లోపల కూర్చున్న మనుషులకు ఆ కుదుపు తెలుస్తుంది. ఇవన్నీ సర్దుకోవడానికే సంవత్సరాలు పడుతుంది. వర్జిన్ గెలాక్టిక్ 2014లో రబ్బరు వదిలి పాలీఅమైడ్ అనే నైలాన్ తరహా ఇంధనానికి మారింది, మళ్లీ 2015లో రబ్బరుకే తిరిగి వచ్చింది.

యూనిటీ మళ్లీ మళ్లీ ఎగిరింది కదా, ఇంజన్ కూడా అదేనా?

వాహనం అదే, మోటార్‌లో ప్రధాన భాగం మాత్రం కాదు. ఇంధన గ్రెయిన్ ఉన్న కవచం, వాయువులు వెళ్లే ఇరుకు గొంతు భాగం, నాజిల్ కలిపి ఒకే యూనిట్. ఎగిరిన ప్రతిసారీ దాన్ని తీసేసి కొత్తది బిగిస్తారు. ‘పూర్తిగా తిరిగి వాడే వాహనం’ అన్న మాటను ఈ వివరంతో కలిపి చదువుకోవాలి.

హైబ్రిడ్ ఇంజన్ పేలదు అంటారు. నిజమేనా?

ఈ మాట ప్రాణాలు తీసింది. ఇంధనం పేలదన్నది నిజం. నైట్రస్ ఆక్సైడ్ సంగతి వేరు.

2007 జులై 26న కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ స్పేస్‌షిప్‌టూ (యూనిటీ ఈ తరగతి వాహనమే) కోసం ఒక కోల్డ్ ఫ్లో పరీక్ష చేస్తోంది. మంట లేదు, రబ్బరు లేదు, నైట్రస్ ఒక్కటే. ట్యాంకు పేలిపోయింది. ముగ్గురు మరణించారు, ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు.

నైట్రస్ అణువు విడిపోయినప్పుడు నైట్రోజన్, ఆక్సిజన్‌తో పాటు వేడి కూడా పుడుతుంది. మామూలు ఉష్ణోగ్రతల దగ్గర అది విడిపోదు, అందుకే నింపాదిగా నిల్వ చేయగలుగుతున్నాం. కానీ గ్రీజు మరకో, పడని ప్లాస్టిక్ పదార్థమో, వాల్వ్‌ను ఒక్కసారిగా తెరిచినప్పుడు పుట్టే వేడో చాలు, ఆవిరి భాగంలో విచ్ఛేదనం మొదలై ట్యాంకంతా అంటుకోవచ్చు. మంట లేని పరీక్షను కూడా మంట ఉన్న పరీక్షలాగే చూడాలి, మనుషులెవరూ దగ్గర ఉండకూడదు. ఈ పాఠానికి ముగ్గురి కుటుంబాలు మూల్యం చెల్లించాయి.

2014లో స్పేస్‌షిప్‌టూ కూలిపోవడానికి ఇంజన్ కారణమా?

కాదు. అక్టోబరు 31న ‘ఎంటర్‌ప్రైజ్’ అనే స్పేస్‌షిప్‌టూ వాహనం గాల్లోనే ముక్కలై సహ పైలట్ మైఖేల్ ఆల్స్‌బరీ మరణించారు. పైలట్ పీటర్ సీబోల్డ్ పారాచూట్‌తో బతికి బయటపడ్డారు. తిరుగు ప్రయాణంలో వేగం తగ్గించడానికి తోకను పైకి మడిచే ఏర్పాటు ఉంటుంది. దాని తాళాన్ని ముందే తీయడం వల్ల ప్రమాదం జరిగిందని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. ఒక్క మనిషి పొరపాటు పడితే వాహనమే పోయేలా డిజైన్ ఉండటాన్ని కూడా ఆ బోర్డు తప్పుపట్టింది.

హైబ్రిడ్‌ను ‘గ్రీన్’ ఇంజన్ అని ఎందుకు అంటారు?

ఘన ఇంధన మోటార్లతో పోల్చి అంటారు. శ్రీహరికోటలో తయారయ్యే పెద్ద ఘన మోటార్లలో హెచ్‌టీపీబీ రబ్బరే ఉంటుంది, కానీ అక్కడ దాని పని అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడిని పట్టి ఉంచడం. అవి మండితే హైడ్రోజన్ క్లోరైడ్, అల్యూమినా రేణువులు బయటకు వస్తాయి. క్లోరిన్ ఓజోన్‌కు శత్రువు. హైబ్రిడ్ పొగలో క్లోరిన్ ఉండదు. ఆ మేరకు ‘గ్రీన్’ అనడం ఒప్పే.

అయితే అక్కడితో ఆగిపోతే లెక్క తప్పుతుంది. ఒక కిలో రబ్బరు బాగా మండాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల నైట్రస్ కావాలి. పోర్ట్ మధ్యలో ఆక్సిడైజర్ పుష్కలంగా ఉన్నా, గోడకు ఆనుకుని ఉన్న పొరలో ఇంధనం ఎక్కువై, గాలాడని కిరసనాయిలు దీపంలా మసి కడుతుంది. నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లతో పాటు ఆ మసి కూడా నాజిల్ గుండా బయటపడుతుంది. పరీక్షల్లోనూ ఎగిరేటప్పుడూ కాల్చకుండా వదిలేసిన నైట్రస్ కూడా లెక్కలోకి వస్తుంది. వందేళ్ల లెక్కన నైట్రస్ ఆక్సైడ్ ఒక కిలో, 273 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడెక్కింపు చేస్తుంది.

నేల మీద చేసే పరీక్షలు పర్యావరణాన్ని పాడుచేస్తాయా?

చుట్టుపక్కలకు శబ్దం, కాసేపు నల్లటి పొగ. పరీక్షా కేంద్రాలు ఎడారుల్లో, అడవుల అంచుల్లో ఉంటాయి కాబట్టి గడ్డి అంటుకునే ప్రమాదం ఉంటుంది. కింది గాలిలో కలిసిన మసి రోజుల్లో, మహా అయితే వారాల్లో వానతో నేలకు దిగిపోతుంది. ఒక్కో ఇంజన్‌కు పదుల పరీక్షలు జరిగినా మొత్తం భారం స్వల్పమే. అదే ఇంజన్ పైన మండినప్పుడు కథ పూర్తిగా మారిపోతుంది.

పైన మండితే తేడా ఏమిటి?

యూనిటీని పెద్ద విమానం ఒకటి దాదాపు 13.7 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్లి వదిలేది. అక్కడి నుంచి మోటార్ సుమారు ఒక నిమిషం మండేది. ఆ నిమిషంలో వాహనం ఎక్కువ భాగం మబ్బుల పైన ఉండే వాతావరణ పొర స్ట్రాటోస్ఫియర్‌లోనే పైకి దూసుకుపోతుంది. అక్కడ మబ్బులు లేవు, వాన లేదు, మసిని కడిగేది ఏదీ లేదు. గాలి పొరలు ఒకదాని మీద ఒకటి నిలకడగా ఉంటాయి, కిందకు దిగడానికి ఏళ్లు పడుతుంది. అంతకాలం ఆ నల్లటి రేణువులు సూర్యకాంతిని పీల్చుకుని చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తూనే ఉంటాయి.

జెట్ విమానాలు కూడా మసి వదులుతాయి కదా అని అడగొచ్చు. అవి ఎక్కువగా స్ట్రాటోస్ఫియర్ కింద, దాని అడుగు అంచున తిరుగుతాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన ఎలోయిస్ మరైస్ బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రాకెట్ మసి వేడెక్కించే సామర్థ్యం నేల మీదా విమానాల నుంచీ వచ్చే మసి కంటే దాదాపు 500 రెట్లు ఎక్కువ. వదిలిన చోటే దీనికి కారణం.

ఒక్క ప్రయాణానికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో చెప్పరేం?

ఈ విషయంలో అది ముఖ్యమైన అంకె కాదు కాబట్టి. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది అదే, కంపెనీలు చెట్లు నాటి సరిచేస్తామనేది కూడా దాన్నే. 2010లో మార్టిన్ రాస్, మైఖేల్ మిల్స్, డారిన్ టూహీ చేసిన అధ్యయనం ఈ సంగతిని బల్లగుద్ది చెప్పింది. ఏడాదికి వెయ్యి హైబ్రిడ్ పర్యాటక ప్రయాణాలు జరిగితే 600 టన్నుల మసి స్ట్రాటోస్ఫియర్‌లో చేరుతుందని వారు లెక్కగట్టారు, అంటే ఒక్కో ప్రయాణానికి 600 కిలోలు. పదేళ్లు అలా సాగితే, ఆ మసి భూమిపై చూపే ప్రభావం అవే ప్రయాణాల కార్బన్ డయాక్సైడ్ ప్రభావం కంటే సుమారు లక్ష రెట్లు ఉంటుందని తేలింది. ధ్రువ ప్రాంతాల్లో కొన్నిచోట్ల నేల ఉష్ణోగ్రత ఒక డిగ్రీ వరకు మారవచ్చని, అక్కడి ఓజోన్‌లో 6 శాతం వరకు మార్పు రావచ్చని కూడా ఆ నమూనా చూపింది.

లక్ష రెట్లు అన్నప్పుడు ఎన్ని చెట్లు నాటినా సరితూగదు. చెట్టు కార్బన్ డయాక్సైడ్‌ను పీలుస్తుంది, 40 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మసిని ముట్టుకోలేదు.

ఆ లెక్కల్ని ఎంతవరకు నమ్మాలి?

దిశను నమ్మవచ్చు, ఖచ్చితమైన అంకెను జాగ్రత్తగా పట్టుకోవాలి. కిలో ఇంధన మిశ్రమం మండితే ఎన్ని గ్రాముల మసి వస్తుందన్నదే మొత్తం లెక్కకు పునాది. 2010 అధ్యయనంలో తీసుకున్నది కిలోకు 60 గ్రాములు. ఎగురుతున్న హైబ్రిడ్ వాహనం పొగలోకి పరికరాలు పంపి కొలిచిన సమాచారం చాలా తక్కువ. పైకి పోతున్నకొద్దీ బయటి గాలిలో ఆక్సిజన్ పలచబడుతుంది, కింద నాజిల్ బయట కాలిపోయే మసి పైన కాలకుండా మిగిలిపోతుంది. కాబట్టి టెస్ట్ స్టాండ్ దగ్గర కొలిచిన అంకెను నేరుగా పైకి అన్వయించలేం. ఇంజన్ తయారుచేసే ప్రతి సంస్థా తోపు, ఒత్తిడి కొలిచినంత శ్రద్ధగా మసిని కూడా కొలిచి బయటపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. సెన్సర్లు వాళ్ల చేతిలోనే ఉన్నాయి, స్టాండ్ వాళ్లదే.

వెయ్యి ప్రయాణాలా! ఇప్పటికి పట్టుమని ఇరవై కూడా జరగలేదు కదా?

నిజమే. యూనిటీ మొత్తం అంతరిక్ష ప్రయాణాలు 12. వాటిలో వాణిజ్య ప్రయాణాలు 2023 జూన్ నుంచి 2024 జూన్ 8 వరకు ఏడు. ఆ తర్వాత దానికి విశ్రాంతినిచ్చి, ‘డెల్టా’ తరగతి వాహనాల తయారీకి కంపెనీ పూనుకుంది. ఇప్పటిదాకా చేరిన మసి వాతావరణాన్ని కదిలించేంత కాదు.

కానీ ఇదే కంపెనీ ఒక్కో స్పేస్‌పోర్ట్ నుంచి ఏడాదికి 400 ప్రయాణాలు లక్ష్యమని గతంలో ప్రకటించింది. అలాంటివి రెండున్నర ఉంటే వెయ్యి అయిపోతుంది. పర్యాటకం ఊపందుకుంటే, మూడేళ్లలోనే రాకెట్ మసి వల్ల కలిగే వేడెక్కింపు రెట్టింపు దాటుతుందని మరైస్ బృందం అంచనా. ఆలోచించాల్సింది ఇప్పుడే. డబ్బు పెట్టి ఫ్యాక్టరీలు కట్టాక ఇంధనం మార్చమంటే ఎవరూ వినరు.

ఇందులో పర్యాటకం వాటా ఎంత? ఉపగ్రహాలు మోసే రాకెట్ల వాటా ఎంత?

ప్రస్తుతానికి అసలు భారం ఉపగ్రహాలు మోసే కిరోసిన్ రాకెట్లదే. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2022లో చెప్పినదాని ప్రకారం, రాకెట్ల నుంచి ఏటా సుమారు వెయ్యి టన్నుల మసి పైకి చేరుతోంది. అది పది రెట్లైతే స్ట్రాటోస్ఫియర్ అర డిగ్రీ నుంచి రెండు డిగ్రీల వరకు వేడెక్కవచ్చు, ఉత్తరాన ఓజోన్ పలచబడవచ్చు. వాతావరణ సూచనలకు, తుఫాను హెచ్చరికలకు ఉపగ్రహాలు కావాలి. కొద్ది నిమిషాల భారరహిత స్థితి కోసం చేసే ప్రయాణాన్ని వాటితో ఒకే గాటన కట్టలేం.

బ్లూ ఆరిజిన్ వాహనం సంగతేమిటి?

విజయవాడలో పుట్టిన గోపి తోటకూర 2024 మే 19న వెళ్లింది అందులోనే. న్యూ షెపర్డ్ అనే ఆ వాహనం ఇంజన్ ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో నడుస్తుంది. ఇంధనంలో కార్బన్ లేదు కాబట్టి మసి రాదు. నీటి ఆవిరి వస్తుంది, వేడికి కొంత నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు నుంచే తీస్తారు కాబట్టి కింద కొంత కార్బన్ ఖర్చు ఉంటుంది. అయినా స్ట్రాటోస్ఫియర్ వరకు చూస్తే ఇది హైబ్రిడ్ కంటే ఎంతో నయం.

మసి తక్కువగా ఉండే హైబ్రిడ్ సాధ్యమేనా?

ప్రయత్నాలు జరుగుతున్నాయి. నార్వేలో నామ్మో సంస్థ చేసిన న్యూక్లియస్ రాకెట్ 2018 సెప్టెంబరులో నైట్రస్‌కు బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆక్సిడైజర్‌తో 107 కిలోమీటర్లు చేరింది. పోలండ్ వారి అంబర్ 2కే రాకెట్ కూడా 2024 జులైలో పెరాక్సైడ్‌తోనే 100 దాటింది. దీంతో నైట్రస్ లీకుల సమస్య పోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో అభివృద్ధి చేసిన మైనం ఇంధనం రబ్బరు కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా అరుగుతుంది. జర్మనీ కంపెనీ హైఇంపల్స్ 2024 మేలో మైనం, ద్రవ ఆక్సిజన్‌తో ఆస్ట్రేలియా నుంచి రాకెట్ ఎగరేసింది. అయితే మైనంలోనూ కార్బన్ ఉంది. మసి ఎంత తగ్గిందో కొలిచి చూపించేదాకా ‘క్లీన్’ అన్న మాటను ఒప్పుకోనక్కర్లేదు.

ఇస్రో హైబ్రిడ్ ఇంజన్ పరీక్షించిందా?

పరీక్షించింది. 2022 సెప్టెంబరు 20న తమిళనాడులోని మహేంద్రగిరిలో 30 కిలోన్యూటన్ల తోపు ఇచ్చే హైబ్రిడ్ మోటార్‌ను 15 సెకన్ల పాటు మండించారు. ఇంధనం హెచ్‌టీపీబీ, ఆక్సిడైజర్ ద్రవ ఆక్సిజన్. గగన్‌యాన్ దీనిమీద ఆధారపడిన ప్రాజెక్టు కాదు.

దీనిపై అంతర్జాతీయ నిబంధనలు లేవా?

మసి విషయంలో లేవు. ఓజోన్‌ను కాపాడిన 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం నియంత్రించే పదార్థాల జాబితాలో రాకెట్ పొగ లేదు, నైట్రస్ ఆక్సైడ్ కూడా లేదు. 2022 నాటి ఓజోన్ అంచనా నివేదిక రాకెట్ల సంగతిని ప్రస్తావించింది. ప్రయోగ లైసెన్సు ఇచ్చే దేశాలు నేల దగ్గరి ప్రభావాన్ని శ్రద్ధగా చూస్తాయి. స్ట్రాటోస్ఫియర్ ఏ ఒక్క దేశానిదీ కాదు, అందుకే దాని తరఫున అడిగేవాళ్లు తక్కువ.

మేం ఇంజనీరింగ్ విద్యార్థులం. చిన్న హైబ్రిడ్ మోటార్ పరీక్షించాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మొదటిది, వీలైతే నైట్రస్ వద్దు. వాయురూప ఆక్సిజన్‌తో చిన్న మోటార్లు చాలా విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో నడుస్తాయి. దానికీ నూనె, గ్రీజు తగలకూడదు, పైపులు ఆక్సిజన్‌కు తగ్గట్టు శుభ్రం చేయాలి. కాలేజీ అనుమతి, అనుభవం ఉన్న ప్రొఫెసర్ పర్యవేక్షణ లేకుండా అసలు మొదలుపెట్టకండి.

నైట్రస్సే వాడాల్సి వస్తే ఒక అంకె గుర్తుంచుకోండి: 36.4 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రత దాటితే నైట్రస్‌లో ద్రవం, ఆవిరి అన్న తేడా పోతుంది, సిలిండర్‌లో ఒత్తిడి బాగా పెరుగుతుంది. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం పూట నీడలోనే 42 ఉంటుంది. ఎండలో పెట్టిన సిలిండర్ అంతకంటే వేడెక్కుతుంది. తెల్లవారుజామునే పరీక్ష పెట్టుకోండి, సిలిండర్‌ను నీడలో ఉంచండి, నింపడం నుంచి ఖాళీ చేయడం దాకా అన్నీ దూరం నుంచే వాల్వ్‌లతో చేయండి. కోల్డ్ ఫ్లో అప్పుడు కూడా ఎవరూ కంచె దగ్గర నిలబడకూడదు.

ఇక కొలతలు. గ్రెయిన్‌ను ముందూ తర్వాతా తూచండి, పోర్ట్ వ్యాసం నాలుగైదు చోట్ల కొలవండి. దాంతోపాటు పొగ దారిలో కొంత దూరాన తెల్లటి ఫిల్టర్ పేపర్ ఒకటి బిగించండి. పరీక్ష అయ్యాక దాన్ని తూచి, ఆక్సిడైజర్ పాలు మార్చినప్పుడల్లా నలుపు ఎలా మారిందో రాసిపెట్టండి. మీ రిపోర్టులో తోపు గ్రాఫ్ పక్కనే ఆ పట్టికను కూడా ఇవ్వండి.